ఏడవ మునుక
(క్షయరోగులు మందు విడువకుండుటకు ఫోను చేయు సాయమును గూర్చిన పాఠము)



రాజుల రెండవ గ్రంథము అయిదవ అధ్యాయములోని నయమాను కథ మీకందరకు తెలిసినదే. సిరియా రాజు సేనాధిపతియైన యతడు కుష్ఠరోగి. ప్రవక్తయగు ఎలీషా అతనికి చెప్పిపంపిన చికిత్స మిక్కిలి సులభమైనది. యొర్దాను నదిలో ఏడు మారులు స్నానము చేయవలయును. నయమానుకు కోపము వచ్చి వెనుకకు మరలెను. అప్పుడు అతని దాసులు దగ్గరకు వచ్చి నచ్చజెప్పిరి. అతడు నదిలో దిగి, ఏడు మారులు మునిగి, శుద్ధుడాయెను. మొదటి ఆరు మునుకల తరువాత అతని దేహమెట్లుండెనో గ్రంథము చెప్పలేదు. ఆరవ మునుకతో విసిగి గట్టెక్కియుండినచో కథ యేమయ్యెడిదో మీరే యూహింపుడు.

నేటి పాఠము ఆ ఏడవ మునుకను గూర్చినది. మన దేశమున క్షయరోగమునకు మందు కలదు. అది ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగ దొరకును. అయినను ఆ మందును ఆరు మాసములు ఒక్క దినమును తప్పక మ్రింగుట కష్టము. ఈ కష్టమును తగ్గించుటకు నేటి ఫోనులును కంప్యూటర్లును ఎంతవరకు పనికివచ్చుచున్నవి, ఎచ్చట ఆగిపోవుచున్నవి అను విషయమును విచారింతము.

మొదట రోగస్వభావమును తెలిసికొనవలెను. క్షయకు కారణమగు సూక్ష్మక్రిమిని జర్మనీ దేశపు వైద్యుడు రాబర్టు కాక్ కనుగొని, 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున ప్రకటించెను. ఇది గాలి ద్వారా వ్యాపించును. ఊపిరితిత్తులలో క్షయయున్నవాడు దగ్గినపుడు వెడలు సూక్ష్మబిందువులలో ఈ క్రిములుండును. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడువరకు దీనికి నిజమైన మందు లేకుండెను. 1952లో ఐసోనియాజిడు వాడుకలోనికి వచ్చెను. నేడు సాధారణ క్షయకు నాలుగు మందులను కలిపి మొదటి రెండు మాసములును, అందు మూడింటిని తరువాతి నాలుగు మాసములును ఇచ్చుచున్నారు. ఈ నాలుగింటిలో పైరజినమైడు యొక్క గుణమును 1952లో వెల్లడిచేసిన వారిలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలవారును ఉండిరి. ఇథాంబ్యుటాలు 1961లో అచ్చటనే కనుగొనబడెను. భీమవరమున 1895లో జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో మరణించువరకు ఆ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకులుగ నుండిరను సంగతి తెలుగు విద్యార్థులు మరువరాదు.

మంచి మందులుండగా ఆరు మాసములెందుకు? దీనికి మన పొలములే సమాధానము చెప్పును. వరిమడిలో తుంగ మొలచినపుడు పైభాగమును కోసివేసినచో మడి శుభ్రమైనట్లే కనబడును. నేలలోని గడ్డ మాత్రము మిగిలియుండి, నీరు తగులగానే మరల చిగుర్చును. క్షయక్రిములును ఇట్టివే. చురుకుగా పెరుగుచున్నవి మొదటి కొన్ని వారములలోనే చాలవరకు చచ్చును. జ్వరము తగ్గును, ఆకలి పుట్టును, బరువు పెరుగును. కాని కొన్ని క్రిములు నిద్రించుచున్నట్లుండి మందుకు లోబడక దాగియుండును. వీనిని నిర్మూలించుటకే మిగిలిన మాసములు అవసరము. నడుమ మానినచో రోగము తిరుగబెట్టును. అంతేకాక మందును మధ్య మధ్య మానుచు మ్రింగుచు నుండినచో, ఆ మందుకు చావని క్రిములు మాత్రమే మిగిలి వృద్ధిచెందును. అట్టి మొండి క్షయ ఇంటివారికిని ఇరుగుపొరుగువారికిని సోకగలదు. కావున మందు మానుట రోగి సొంత విషయము మాత్రమే కాదు.

ఈ మాటను నేను పుస్తకము చూచి మాత్రమే చెప్పుట లేదు. నా చిన్నతనమున మా పెదనాన్నగారికి క్షయ సోకెను. సూదిమందును మాత్రలును తీసికొని రెండు మాసములలో తేరుకొనిరి. అంతలో నాట్లు వచ్చినవి. "ఒళ్లు బాగున్నది గదా, పంట ఇంటికి వచ్చిన తరువాత చూతము" అని మందు మానిరి. ఆయనను అడిగినవారు లేరు. అడుగవలెనని మాకును తెలియదు. మరు సంవత్సరము రోగము తిరుగబెట్టినపుడు ఆ మందులే ఆయనకు పనిచేయలేదు. మా ఇంట గూటిలో మందు మిగిలెను, మనిషి మిగులలేదు.

రోగి మందు మ్రింగెనా లేదా అని చూచువారెవరను ప్రశ్న నూరేండ్ల నుండియు ఉన్నది. మందులు లేని కాలమున విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారము ఇచ్చుటకై ఆరోగ్యశాలలు వెలసినవి. మదనపల్లెలో క్రైస్తవ మిషనులు కలిసి 1912లో ఆరంభించిన క్షయ ఆరోగ్యశాల 1915 నుండి ఆరోగ్యవరమున నడచెను. దానికి డెన్మార్కు దేశీయుడగు డాక్టరు ఫ్రిమోట్ మొల్లరు నాయకత్వము వహించిరి. ఇచ్చట రోగులు వైద్యుల కన్నుల యెదుట నుండిరి. కాని దేశములోని రోగులందరకు పడకలు ఎన్నడును చాలవు.

1956లో మద్రాసు నగరమున ఒక క్షయచికిత్సా పరిశోధన కేంద్రము స్థాపింపబడెను. అచ్చటి వైద్యులు 193 మంది పేదరోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమువారిని ఆరోగ్యశాలలో ఉంచి, రెండవ భాగమువారికి ఇరుకు ఇండ్లలోనే ఒక సంవత్సరము మందులిచ్చిరి. ఇంటనున్నవారికి తిండి తక్కువ, పని యెక్కువ. అయినను 1959లో ప్రకటింపబడిన ఫలితములను చూడగా, రెండు భాగములవారును ఇంచుమించు సమానముగ కోలుకొనిరి. మందు క్రమముగ పడినచో ఇంటనే నయమగునని ప్రపంచమునకు తెలియజెప్పినది ఈ మద్రాసు పరిశోధనయే. అయితే ఇంటనున్నవాడు మందు మ్రింగుచున్నాడో లేదో తెలియుటెట్లు? ఆ వైద్యులు చెప్పకుండ ఇండ్లకు పోయి మాత్రలను లెక్కించిరి. మూత్రమును పరీక్షించి అందు మందు కలదా యని చూచిరి. మంచివారే, చదువుకొన్నవారే మాత్రలు తప్పించుచున్నట్లు తేలెను. మరచుట మనుష్య స్వభావమని వారు గ్రహించి, ఆరోగ్యకార్యకర్త యెదుటనే మందు మ్రింగించు పద్ధతిని పరీక్షించిరి.

ఆ పద్ధతియే పిమ్మట డాట్స్ అను పేరుతో ప్రపంచమంతట వ్యాపించెను. మన దేశమున 1993లో ప్రయోగముగ మొదలై, 1997 నుండి విస్తరించి, 2006 నాటికి దేశమంతటను అమలయ్యెను. వారమునకు మూడు దినములు రోగి కేంద్రమునకు వచ్చి కార్యకర్త యెదుట మాత్రలు మ్రింగవలెను. దీనివలన ఎందరో బ్రదికిరి. కాని కూలిపోయిననే కూడు దొరకువానికి మందు కొరకు సగము దినము పోగొట్టుకొనుట భారము. పదిమంది చూచునట్లు కేంద్రమునకు నడచుటకు సిగ్గుపడిన స్త్రీలును ఉండిరి. 2017లో దేశమంతట ప్రతిదినము మ్రింగు పద్ధతి వచ్చినపుడు ఈ చిక్కు ఇంకను పెరిగెను. ప్రతిదినము ప్రతి రోగి యెదుట ఎవరు కూర్చుండగలరు?

ఇచ్చటనే ఫోను రంగములోనికి వచ్చినది. బెంగుళూరిలోని మైక్రోసాఫ్టు పరిశోధనశాలలో బిల్ థీస్ అను శాస్త్రజ్ఞుడును అతని తోడివారును 99 డాట్స్ అను ఉపాయమును కల్పించిరి. మాత్రల అట్టను ఒక ప్రత్యేకమైన కాగితపు తొడుగులో పెట్టుదురు. రోగి మాత్రను వెలికి నెట్టినపుడు దాని వెనుక దాగియున్న అంకెలు బయటపడును. ఏ దినమున ఏ అంకెలు వచ్చునో రోగికి ముందుగ తెలియదు, కంప్యూటరుకు తెలియును. ఆ అంకెలతో కూడిన సంఖ్యకు రోగి మామూలు ఫోనుతోనే ఉచితముగ కాల్ చేయును. మాటలాడ నక్కరలేదు, చదువ నక్కరలేదు, ఖర్చు లేదు. కాల్ అందగానే ఆనాటి మందు ముట్టినట్లు లెక్కలో పడును. కాల్ రానిచో రోగికి మెసేజి వచ్చును. కార్యకర్త చూచు పట్టికలో అతని పేరు పైకి వచ్చును. మన దేశమున లక్షలాది రోగులు ఈ పద్ధతిలో చేర్పబడిరి.

ఇట్టి ఉపకరణములు మరి రెండు కలవు. ఒకటి మందుల పెట్టె. దాని మూత తెరచినపుడెల్ల లోపలి యంత్రము ఆ వేళను గుర్తుంచుకొనును; వేళకు తెరువనిచో శబ్దము చేయును లేదా దీపము వెలిగించును. రెండవది వీడియో. రోగి మాత్ర మ్రింగుచు ఫోనుతో చిత్రము తీసి పంపును. నర్సు తన తీరికవేళ చూచును.

వీనికన్న మనకు దగ్గరిది నిక్షయ్ అను ప్రభుత్వ లెక్క. ఇది 2012లో ఆరంభమయ్యెను. ఆ సంవత్సరముననే క్షయరోగి కనబడినచో ప్రైవేటు వైద్యులును ప్రభుత్వమునకు తెలుపవలెనను ఉత్తరువు వచ్చెను. ప్రతి రోగికిని ఇందులో ఒక సంఖ్య యుండును. ఈ సంఖ్య విలువను ఒక ఉదాహరణముతో చెప్పెదను. బీర్కూరులో బీడీలు చుట్టి బ్రదుకు ఒక తల్లికి క్షయ యని తేలినదనుకొనుడు. మూడవ మాసమున ఆమె భర్తతో కూడ హైదరాబాదునకు పనికి పోవలసివచ్చెను. వెనుకటి కాలమున మంజీర దాటగానే ఆమె మందు ఆగిపోయెడిది. ఇప్పుడు ఆమె పోవుటకు ముందు మన ఆరోగ్యకేంద్రమున తెలిపినచో, ఆమె లెక్కను ఆ నగరములోని కేంద్రమునకు మార్చుదురు. అచ్చట ఆ సంఖ్య చెప్పినంతనే ఎన్ని మాసములు మ్రింగినది, ఇంక ఎన్ని మిగిలినది తెలియును. ఆహారమునకై ప్రభుత్వమిచ్చు సొమ్మును ఈ లెక్కనుబట్టియే రోగి బ్యాంకు ఖాతాలో వేయుదురు. 2018 ఏప్రిలునుండి మాసమునకు 500 రూపాయలుగ నుండిన ఈ సహాయము 2024 నవంబరునుండి 1000 రూపాయలయ్యెను. సందేహములున్నవారు 1800 11 6666 అను ఉచిత సంఖ్యకు ఫోను చేసి అడుగవచ్చును.

ఇవి యన్నియు చదివి, "ఇంక యంత్రమే చూచుకొనును" అని తలంచువారు కొంత ఆగవలెను. శాస్త్రజ్ఞులు ఈ ఉపకరణములను పరీక్షించి చూచిరి. ఆ పరీక్షలే నేటి పాఠమునకు ప్రాణము.

చీనా దేశమున జరిగిన ఒక పరిశోధన 2015లో ప్రకటింపబడెను. రోగులను నాలుగు తెగలుగ విభజించి మాసమాసము లెక్కచూడగా, మామూలు చికిత్సలో నూటికి 30 మాసములయందు మాత్రలు ఎక్కువగ తప్పిపోయినవి. మెసేజిలు మాత్రమే పంపిన తెగలో ఇది 27గ నుండెను. అనగా పెద్ద భేదము లేదు. జ్ఞాపకము చేయు పెట్టె ఇచ్చిన తెగలో 17కును, పెట్టెతోపాటు మెసేజిలు పంపిన తెగలో 14కును తగ్గెను. 2019లో ఇంగ్లండు దేశపు పరిశోధన యొకటి వెలువడెను. చికిత్సయొక్క మొదటి రెండు మాసములలో, చూడవలసిన మోతాదులలో నూటికి 80 అయినను చూడబడిన రోగులెందరని లెక్కించిరి. వీడియో పద్ధతిలో నూటికి 70 మందియు, కార్యకర్త యెదుట మ్రింగు పద్ధతిలో 31 మందియు తేలిరి.

అదే 2019లో ఆఫ్రికా ఖండమున నైరోబి నగరపు ఫలితములు ప్రకటింపబడినవి. అచ్చట రోగి దినదినము తన మామూలు ఫోనునుండి "మ్రింగితిని" అని తెలుపవలెను. తెలుపనిచో మరల మరల జ్ఞాపకము చేయుదురు. అప్పటికిని జవాబు రానిచో ఒక మనిషి ఫోను చేసి మాటలాడును. మామూలు చికిత్సలో నూటికి 13 మందికి చికిత్స విఫలము కాగా, ఈ పద్ధతిలో 4 మందికి మాత్రమే విఫలమయ్యెను.

దీనికి ఎదురుగా, చీనాలోనే మందుల పెట్టెతో జరిగి 2023లో ప్రకటింపబడిన మరియొక పెద్ద పరిశోధనలో, రోగుల అంత్యఫలితము మామూలు చికిత్సకన్న మెరుగుపడినట్లు కనబడలేదు. మన దేశముననే 99 డాట్స్ రోగుల మూత్రమును పరీక్షించినపుడు, ఫోను లెక్కయు దేహములోని మందును అన్నివేళల సరిపోలలేదు. మ్రింగి కాల్ చేయనివారును, మ్రింగకయే కాల్ చేసినవారును కనబడిరి. మద్రాసు వైద్యులు ఎన్నడో నేర్చిన పాఠమునే కంప్యూటరు యుగమును మరల నేర్చుకొనవలసివచ్చెను.

ఈ ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. ఫోను చేయగలిగినది ఒక్కటియే: నేడు ఎవరు తప్పిరో నేడే చెప్పును. పూర్వము ఆ వార్త మాసము గడచిన పిమ్మట, కొన్నివేళల రోగి మంచము పట్టిన పిమ్మట తెలిసెడిది. మా పెదనాన్నగారి విషయమున ఎన్నడును తెలియలేదు. కాని వార్త తెలిసిన తరువాత ఎవరో ఒకరు లేచి ఆ యింటికి పోవలెను. అడిగినచో కారణము తెలియును. మాత్రలు కడుపులో త్రిప్పుచుండవచ్చును. మూత్రము ఎఱ్ఱగ కనబడగా రక్తమని భయపడియుండవచ్చును. అది రిఫాంపిసిను మందు రంగేగాని రక్తము కాదని ముందే చెప్పినచో ఆ భయముండదు. కన్నులు పచ్చబడినను, చూపు మందగించినను వెంటనే వైద్యునికి చెప్పవలెను. ఇంట బియ్యము లేకుండవచ్చును. అత్తవారికి తెలియునని కోడలు మాత్రలను దాచియుండవచ్చును. ఈ కారణములలో ఒక్కటియు కంప్యూటరు పట్టికలో కనబడదు. పోయిన మనిషికి మాత్రమే తెలియును.

ఫోనువలన హానియు కలుగవచ్చును. మన ఇండ్లలో అనేకుల నడుమ ఒక్కటే ఫోనుండును. క్షయయను మాట మెసేజిలో వచ్చినచో పదిమంది చదువుదురు. పెండ్లి కావలసిన బాలికకు అది పెద్ద కష్టము కావచ్చును. కావున ఏ సంఖ్యకు, ఏ మాటలతో మెసేజి పంపవలెనో రోగినే అడుగుట న్యాయము. ఫోను లేని ముదుసలిని, సంకేతము అందని తండాను పట్టిక మరచిపోరాదు. కాల్ రానంత మాత్రమున రోగిని దొంగగా చూడరాదు. ఫోనులో చార్జింగు లేకపోయి యుండవచ్చును.

విద్యార్థులారా, ఇందు మీ పని యేమి? మీరు వైద్యులు కారు, కార్యకర్తలు కారు. కాని ఇంటిలో ఫోను చదువగలవారు అనేకులయొద్ద మీరే. తాతగారికి వచ్చిన మెసేజిని బిగ్గరగా గాక మెల్లగా చదివి వినిపింపుడు. మాత్ర వేళకు ఫోనులో గంట పెట్టి, గంట మ్రోగినపుడు నీళ్లగ్లాసుతో వచ్చి ప్రక్కన కూర్చుండుడు. మ్రింగిన దినమునకు గోడ క్యాలెండరుపై ఒక గీత గీయుడు. అదియు మంచి యంత్రమే. రెండు వారములకు మించి దగ్గు విడువనిచో, ఇంటివారిని తెమడ పరీక్షకు తీసికొనిపొండని పెద్దలకు చెప్పుడు. మీ తరగతిలో ఎవరి యింట క్షయ యున్నను, ఆ బాలుని ప్రక్కనుండి లేచిపోకుడు. సరియైన మందు క్రమముగ పడుచున్నచో కొద్ది వారములలోనే రోగినుండి అంటు మిక్కిలి తగ్గిపోవును.

తలిదండ్రులకు ఒక మాట. ఒళ్లు బాగైనదని మందు మానకుడు. నాట్లు వచ్చినను, కోతలు వచ్చినను, పెండ్లి వచ్చినను, గల్ఫునకు పోవలసివచ్చినను ముందుగ ఆరోగ్యకేంద్రమున చెప్పుడు. మందు పూర్తియైనదని చెప్పవలసినవారు వైద్యులు.

దీర్ఘచికిత్స మన ప్రాంతమునకు క్రొత్త కాదు. డిచ్‌పల్లిలో వెస్లియను మిషను 1915లో స్థాపించిన కుష్ఠు ఆసుపత్రిలో డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారు నూనెమందు సూదులు వేయుచుండినపుడు, రోగులు ఎంతో కాలము విడువక ఆ బాధను ఓర్చుకొనవలసియుండెను. నేటి రోగికి సూది లేదు. దినమునకు కొన్ని మాత్రలు, ఆరు మాసములు, ఇంచుమించు 180 మునుకలు.

నయమాను కథలో చికిత్స చెప్పినవాడు ప్రవక్త; కాని కోపించి మరలిపోవుచున్నవానిని నది యొడ్డునకు చేర్చినవారు పేరైనను వ్రాయబడని దాసులు. ప్రవక్త సంగతి మొదట వానికి తెలిపినది ఒక చిన్న బాలిక. ఆమెకును పేరు లేదు. మన యూరిలో మందు మ్రింగుచున్న ప్రతివారి ప్రక్కను అట్టివారు ఒక్కరైన నుండవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. జ్వరము తగ్గిన పిమ్మటను క్షయమందు ఎందుకు విడువరాదు? తుంగగడ్డ ఉదాహరణముతో చెప్పుము.
2. మద్రాసు వైద్యులు ఇండ్లకు పోయి మాత్రలను లెక్కించుటయు, 99 డాట్స్ కాల్ లెక్కయు ఏ విషయమున సమానము? ఏ విషయమున భిన్నము?
3. మెసేజిలు మాత్రమే చాలవని ఏ పరిశోధన తెలిపెను? నైరోబి పద్ధతిలో అదనముగ నుండినదేమి?
4. మీ యింట ఒకరికి మందు ఆరంభమైనచో, ఫోనుతో మీరు చేయగల పని ఒకటియు, ఫోను లేకుండ చేయగల పని ఒకటియు వ్రాయుడు.